గాలిలోని మాట యెవరిది?

కరెంటు పోయినది. ఎందులకు పోయినదో, ఎచ్చట తీగ తెగినదో, మఱల నెప్పుడు వచ్చునో యెఱిగినవాడు ఒక్కడు కలడు; అతడు సబ్‌స్టేషనులో చిట్టా ముందు కూర్చుండిన ఆపరేటరు. ఎఱుగనివారు వేలకొలది కలరు; వారు చీకటిలో విసనకఱ్ఱలు చేతబట్టి కూర్చుండిన ప్రజలు. ఈ యొక్కనికిని ఆ వేలమందికిని నడుమ నొక గోడ యున్నది. ఆ గోడకు చెవి యానించి వినువానిని దొంగ యనవలయునా, పౌరుడనవలయునా యనునదే మేమీ వారము విచారింపబూనిన విషయము.

ఒంగోలునుండి పొదిలి పోవు బాటలో చీమకుర్తి యున్నది. నల్లరాతిలో నక్షత్రములు చల్లినట్లు మెఱయు 'బ్లాక్ గాలక్సీ' గ్రానైటునకు పుట్టినిల్లు ఈ యూరే. దేశాంతరములందలి భవనముల నేలలకును, సమాధులకును సయితము ఇచ్చటి రాయి యలంకారమగుచున్నది. క్వారీలో బండను కోయు ఱంపములు, గుంతలో నూరిన నీటిని తోడిపోయు మోటార్లు, పలకలను నునుపు చేయు యంత్రములు అన్నియు కరెంటుమీద నడచునవే. ఊరు దాటినంతనే పొగాకు, మిరప, ప్రత్తి చేలు. రామతీర్థము జలాశయమున సాగరు కాలువ నీరు నిలుచును గాని, ఆ నీరెక్కని మెట్టకు బోరుబావియే దిక్కు. క్వారీ యజమానికి జనరేటరు కలదు. కరెంటు పోయినను అతని యింట దీపమాఱదు. పనినిబట్టి కూలి గొనువానికి జనరేటరు లేదు. వంతు ప్రకారము వచ్చు త్రీఫేజు కరెంటుకై చేనిగట్టున కాచుకొనియుండు మిరపరైతునకును లేదు. ఇంకొక గంటలో వచ్చునని తెలిసిన అతడు గట్టుననే నిలుచును. ఈ పూట రాదని తెలిసిన ఇల్లు చేరి యింత గంజి త్రాగి నిద్రించును. ఏదియు తెలియనందున అర్ధరాత్రివఱకు పురుగుపుట్ర నడుమ టార్చిలైటు వేసికొని తిరుగును. కరెంటు లేమికంటె కరెంటును గూర్చిన వార్త లేమి యతనిని ఎక్కువ బాధించుచున్నదని మేము చెప్పిన, ఆ యూరివారెవ్వరును కాదనరు.

ఇట్టి స్థితిలో, యంత్రవిద్యయందాసక్తిగల యువకునకు స్కానరుపై కన్ను పడుట వింతకాదు. స్కానరనగా నేమి? ఇది మాటలాడు యంత్రము కాదు, వినునది మాత్రమే. రేడియోపెట్టె ఒక స్టేషనును పట్టుకొని కూర్చుండును. స్కానరు ఒక తరంగమునుండి మఱొక తరంగమునకు గంతులు వేయుచు, ఎచ్చట మాట వినబడునో అచ్చట నాగును, మాట ముగిసినంతనే మఱల ప్రయాణము సాగించును. సెకనునకు 3 కోట్లు మొదలు 30 కోట్ల పర్యాయములు కంపించు తరంగములకు వి.హెచ్.ఎఫ్. అని పేరు. పోలీసులు, రైల్వేవారు, విద్యుచ్ఛక్తి శాఖలు, క్వారీలు, ఓడరేవులు వాడు వైర్‌లెస్ సెట్లలో పెక్కు ఈ శ్రేణిలోనివే. పూర్వము ఇట్టి యంత్రము వేలకు వేలు వెచ్చించిన గాని దొరకెడిది కాదు. 2012 ప్రాంతమున, టెలివిజను చూచుటకై చేయబడిన బొటనవ్రేలంత యుపకరణమును కంప్యూటరునకు తగిలించి విశాలమైన తరంగశ్రేణిని వినవచ్చునని ఔత్సాహికులు కనిపెట్టిరి. ఆనాటినుండి ఈ విద్య బీదవానికిని అందుబాటులోనికి వచ్చినది. శక్తిని పంపు సంస్థలకు మఱియొక మార్గము కూడ కలదు: పెద్ద వోల్టేజి తీగమీదనే, కరెంటుతోబాటు మాటను గూడ పంపుట. కావడిలో పాలకుండతో నీళ్లకుండను మోసినట్లు ఒకే తీగ రెంటిని మోయును. దానిని వినుట యింటివారికి సాధ్యము కాదు, వి.హెచ్.ఎఫ్. మాట మాత్రము, దానికి రహస్యలిపి తొడుగనంతవఱకు, గాలిలో బాహాటముగా పోవుచుండును.

అందు వినబడునది యేమి? రాజద్రోహపు మంతనములు కావు. ఫలానా ఫీడరు ట్రిప్పయినది, ఫలానా స్తంభము కడ తీగ తెగిపడినది, కొమ్మ విఱిగి మీద పడినది, ట్రాన్స్‌ఫార్మరు కాలినది, మనుష్యులు బయలుదేఱిరి, ఇంకను చేరలేదు. వినువానికి ఇందు వినోదము లేదు. కాని తన యూరికి సంబంధించిన యక్షరసత్యము కలదు.

ఆ మాటలలో ఒకదానిని గూర్చి పాఠకులకు విశేషించి చెప్పవలసియున్నది. అది 'లైన్ క్లియర్' అను మాట. లైన్‌మన్ స్తంభమెక్కుటకు ముందు సబ్‌స్టేషను ఆపరేటరును లైన్ క్లియర్ అడుగును. ఆపరేటరు బ్రేకరును త్రెంచి, స్విచ్చిని తెఱచి, తీగను భూమికి కలిపి, పుస్తకములో వ్రాసికొని, అప్పుడు 'ఇచ్చితిని' అనును. ఆ మాట చెవిబడిన పిమ్మటనే లైన్‌మన్ చేయి తీగను తాకవలయును. పని ముగిసి, మనుష్యులందఱు దిగి, తానే స్వయముగా లైన్ క్లియర్ తిరిగి యిచ్చినగాని ఆపరేటరు కరెంటు విడువరాదు. ఒకే ఫీడరుమీద ఇరువురు రెండుచోట్ల పని చేయుచుండగా, ఒకడు తిరిగి యిచ్చినదానిని ఇద్దఱు ఇచ్చినట్లు పొరబడుటయే చాలును, స్తంభముమీదనున్న రెండవవానికి ప్రాణము దక్కదు. మన గ్రామములలో తీగకు వ్రేలాడుచు ప్రాణములు విడిచిన లైన్‌మన్ల కథలలో, కంట్రాక్టు కూలీల కథలలో, ఈ మాట తడబడిన కథలు తక్కువ కావు. మంత్రమునకు స్వరము తప్పిన ప్రమాదమని పెద్దలందురు. ఈ మంత్రమునకు అక్షరము తప్పినను ప్రమాదమే.

కావున మొదటనే మా మాట నిర్మొగమాటముగా చెప్పుచున్నాము. వినువాడు వినవచ్చునా లేదా యనునది తర్వాతి ప్రశ్న. ఆ తరంగముమీద నోరు మెదపుట, మీట నొక్కుట, పరిహాసమునకై ఈల వేయుట నరహత్యతో సమానము. తాను విన్నదానిని అరకొరగా నూరంతట చాటుటయు తక్కువ పాపము కాదు. 'కరెంటు లేదట' యని విని యెవడో చేనిలో తెగిపడిన తీగను చేతబట్టిన, ఆ ప్రాణము చాటినవాని మెడకు చుట్టుకొనును. లైన్ క్లియర్ లైన్‌మనుకు ఇచ్చినది గాని, ఊరికి ఇచ్చినది కాదు.

ఇక చట్టమునకు వత్తము. ఈ దేశమున వైర్‌లెస్ చట్టములకు తల్లి ఆంగ్లేయ ప్రభుత్వము. 1885లో టెలిగ్రాఫు చట్టము వచ్చినది. 1933లో వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము వచ్చినది. లైసెన్సు లేనిదే వైర్‌లెస్ యంత్రమును ఇంట నుంచుకొనుటయే నేరమని దాని సారము. మాటలాడుట కాదు, వినుటకై యుంచుకొనుటయు నేరమే! స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట గూడ 1980 దశకము నడుమవఱకు ఇంటి రేడియోకు పోస్టాఫీసునకు పోయి ఏటేట రుసుము చెల్లించి పుస్తకముమీద ముద్ర వేయించుకొనిన సంగతి మన పెద్దలకు జ్ఞప్తియందే యున్నది. త్యాగరాజ కీర్తన వినుటకు సర్కారువారి యనుమతి!

పరప్రభుత్వము ఎందుల కిట్లు చేసెనో దాచనక్కఱలేదు. ప్రజలు ఏమి వినవలయునో తానే నిర్ణయింపవలయునని దాని కోరిక. 1939లో యుద్ధమారంభమైనంతనే ఔత్సాహికుల వైర్‌లెస్ లైసెన్సులను రద్దు చేసినది. 1942 ఆగస్టులో నాయకులందఱు చెఱసాలలపాలైన పిమ్మట బొంబాయిలో ఉషా మెహతా మొదలగు యువజనులు రహస్యముగా కాంగ్రెసు రేడియోను నడపిరి. ఇల్లు వెంట ఇల్లు మార్చుచు సుమారు మూడు మాసములు ఆ స్వరమును నిలిపిరి. నవంబరు 12న పోలీసులు పట్టుకొనిరి. ఆ కథలో నొక చమత్కారము కలదు. ఆ ప్రసంగముల పాఠములు నేడు మనకు దొరకుచున్నవనగా, చాలవఱకు వానిని వెంటాడిన పోలీసులు రాత్రులు కూర్చుండి విని వ్రాసికొన్న కాగితములవలననే. శత్రువు చెవియే మన చరిత్రకు భాండాగారమైనది. వినుటయందు దోషము లేదు; ఎవడు వినుచున్నాడు, ఎందులకు వినుచున్నాడు అనుటయందే యున్నది.

2023లో పార్లమెంటు టెలికమ్యూనికేషన్ల చట్టమును క్రొత్తగా చేసినది. పాత శాసనముల స్థానమున స్వరాజ్యపు శాసనము వచ్చినదని సంతోషించితిమి. చదివి చూచితిమి. సందేశమును చట్టవిరుద్ధముగా మధ్యలో పట్టుకొన్నవానికి మూడేండ్లవఱకు ఖైదు, లేదా 2 కోట్ల రూపాయలవఱకు జరిమానా, లేదా రెండును. ఒకని ఇంటి టెలిఫోనులో భార్యాభర్తల మాటలు దొంగిలించి వినువానికి ఈ శిక్ష తగియేయున్నది, మేము కాదనము. వ్యక్తి యేకాంతము మౌలికమైన హక్కని 2017లో సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల పీఠము తేల్చియున్నది. కాని ఒకని పడకటింటి మాటకును, ఊరి ఫీడరు ట్రిప్పయినదన్న మాటకును భేదము లేదా? ఈ రెంటికి నడుమ గీత గీయకుండుట శాసనకర్తల యశ్రద్ధ. అమెరికావారు తమ 1986 నాటి చట్టములో ఈ గీతను గీచిరి: టెలిఫోను మాటను వినుట నేరము, బహిరంగముగా, రహస్యలిపి లేక, ఎల్లరకు అందునట్లు పోవు పోలీసు, అగ్నిమాపక, వ్యాపారసంస్థల వైర్‌లెస్ మాటను వినుట నేరము కాదు. ఇంగ్లండువారు గీయలేదు. తనకు ఉద్దేశింపబడని సందేశమును వినబూనుటయే వారి 2006 చట్టము ప్రకారము తప్పు. మనము చట్టములలో ఎవరి బడిలో చదివితిమో దీనివలన తెలియుచున్నది.

మన న్యాయస్థానము వేఱొక దారి చూపక పోలేదు. 1995 ఫిబ్రవరిలో క్రికెట్ ప్రసారముల వ్యాజ్యమున, గాలితరంగములు ప్రజల యాస్తి యని సుప్రీముకోర్టు చెప్పినది. ఆ తీర్పు వ్రాసినవారిలో నొకరు మన తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. ప్రభుత్వ ఖాతాలోని సొత్తు కాదు, ఏ వ్యాపారి సొత్తును కాదు, ప్రజల సొత్తు. ఆ సొత్తుమీద, ప్రజలు చెల్లించు బిల్లులతో జీతము లిచ్చుకొను సంస్థ, ప్రజల కరెంటును గూర్చియే మాటలాడుచుండగా, ఆ ప్రజలలో నొకడు చెవి యొగ్గిన నేరమా? ధర్మము చొప్పున కాదని మా యభిప్రాయము. శాసనము చొప్పున అగునన్న భయము కలదు. శాసనమును దాటుడని మేము పాఠకులకు బోధింపము. దానిని దిద్దుడని ఢిల్లీవారిని అడుగుచున్నాము.

దీనికొక బలమైన యాక్షేపణ కలదు; దానిని దాటవేయుట మాకు తగదు. మెట్టచేలలో ట్రాన్స్‌ఫార్మర్లను పగులగొట్టి రాగిచుట్టలను దొంగిలించు ముఠాలు కలవు. ఏ తీగ చచ్చియున్నదో, ఏ రాత్రి ఏ దిక్కున మనుష్యులు లేరో వానికి తెలిసిన, రైతు కొంప మునుగును. స్కానరు సజ్జనుని చేతిలోనే యుండునని పూచీ పడగలవారెవ్వరు? నిజమే. ఇందులకు మా ప్రత్యుత్తరము సగమే: దొంగ ఇప్పుడును కనిపెట్టుచునే యున్నాడు, వీధిదీపము ఆఱుట చూచి తెలిసికొనుటకు వానికి యంత్రమక్కఱలేదు. మిగిలిన సగమును మేము ఒప్పుకొనుచున్నాము. తీగను పట్టుకొను మనుష్యుల సంచారమును, స్విచ్చుల జాడలను దాచుకొనుటకు సంస్థకు హక్కు కలదు. వలసినచో రహస్యలిపిని తొడుగుకొనవచ్చును. దాచరానిది వేఱు: ఎచ్చట పోయినది, ఎందులకు, ఎప్పుడు వచ్చును?

ఈ మూడు ముక్కలు చెప్పుమని మేము వేడుకొనుచున్నామని యెవ్వరు తలపవలదు. చెప్పవలయునని శాసనమే కలదు. 2020 డిసెంబరులో కేంద్రప్రభుత్వము ప్రకటించిన విద్యుత్తు వినియోగదారుల హక్కుల నిబంధనలు చదువుడు. ముందుగా నిర్ణయించి ఆపు కరెంటును గూర్చి వినియోగదారులకు తెలుపవలయును. అనుకోకుండ పోయినప్పుడు వెంటనే ఎస్.ఎం.ఎస్. ద్వారా గాని మఱొక ఎలక్ట్రానిక్ మార్గమున గాని తెలిపి, తిరిగి యెప్పుడు వచ్చునో యంచనా కూడ చెప్పవలయునని అందున్నది. 2005 నాటి సమాచారహక్కు చట్టము, ఎవ్వరు అడుగకుండగనే సర్కారు కార్యాలయములు తమంతట తాము తెలియజేయవలసిన సంగతులెన్నో కలవని నాలుగవ సెక్షనులో ఆజ్ఞాపించుచున్నది. అనగా స్కానరు పెట్టి విని తెచ్చుకొనునది దొంగసొమ్ము కాదు, తనకు రావలసిన బాకీ. బాకీదారు తలుపు తీయనందున ఋణదాత కిటికీలోనుండి తొంగిచూచినాడు. తలుపు తీసిన కిటికీతో పని యేమి?

ఆపరేటరుమీద మాకు కోపము లేదు. రాత్రివేళ సబ్‌స్టేషనులో తఱచు ఒక్కడే యుండును. గాలివాన వచ్చినప్పుడు ఒక చేత బ్రేకరు, ఒక చేత చిట్టా, చెవిలో లైన్ క్లియర్. ఆ తఱిని నూఱుమంది 'అన్నా, కరెంటెప్పుడొచ్చుద్ది?' అని ఫోను చేసిన, అతడు ఫోనును ప్రక్కన పెట్టుట లైన్‌మను ప్రాణము కొఱకే. జనులు అతనిని తిట్టుదురు. తిట్టవలసినది అతనిని కాదు. అతని నోటనున్న మాటను ఊరికి చేర్చు రెండవ మనిషిని, రెండవ ఏర్పాటును నియమింపనివారిని. 1912 అను నంబరు కలదు, మంచిదే. ఎక్కడో దూరపు పట్టణమున కూర్చుండి ఫోను ఎత్తిన యువతికి, చీమకుర్తి ఫీడరుమీద నిప్పుడు ఎవరు స్తంభమెక్కిరో సబ్‌స్టేషను చెప్పినగాని తెలియునా? ఆమె ఫిర్యాదు వ్రాసికొనును, సంఖ్య ఇచ్చును. రైతు ఆ సంఖ్య పట్టుకొని గట్టుమీదనే యుండును.

రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు 1959లో పుట్టినది. 1999లో అది విడిపోయినది. పంపిణీ సంస్థలు వేఱుపడినవి. ప్రకాశము జిల్లా తిరుపతి కేంద్రముగా గల సంస్థలోనికి పోయి, 2019 తర్వాత విజయవాడ కేంద్రముగా గల సంస్థలోనికి వచ్చినది. ఈ మార్పులతో బాటు వైర్‌లెస్ సెట్లలో జరుగవలసిన సంభాషణ కూడ చాలవఱకు సెల్‌ఫోనులకెక్కినది, ఉద్యోగుల వాట్సాపు గుంపులలోనికి చేరినది. స్కానరు పట్టుకొన్నవానికి ఇప్పుడు వినుటకు గాలిలో మిగిలినది కొంచెమే. కాని యీ మార్పు గోడను ఎత్తుచేసినదే గాని తలుపు తీయలేదు. మునుపు బాహాటముగా పోయెడి మాట నేడు పదిమంది గుంపులో మూతపడియున్నది. ఆ గుంపులోని సందేశమును ఊరి గుంపునకు ముందుకు త్రోయుటకు ఒక్క వ్రేలు చాలును గదా!

సెల్‌ఫోనునే నమ్ముకొన్నవారికి తుపాను గుణపాఠము చెప్పక మానదు. సెల్ స్తంభమునకు కరెంటు కావలయును. కరెంటు వచ్చుటకు లైన్‌మనుకు సెల్ కావలయును. 2010 మే 20న లైలా, 2023 డిసెంబరు 5న మిచౌంగు బాపట్ల తీరముననే యొడ్డెక్కినవి. ఆ దారి చీమకుర్తికి దూరము కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను ముంచెత్తినప్పుడు సెల్‌ఫోనులు మూగవోగా ఔత్సాహిక రేడియోవారు అక్కఱకు వచ్చిరి. 2004 డిసెంబరు 26 సునామీనాడు అండమానులలో, హైదరాబాదునందలి జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ పక్షమున పోయియున్న భారతీ ప్రసాద్ తన సెట్టుతో లోకమునకు వార్తలందించుచు, వేలమంది బంధువులకు ఊపిరి పోసినది. 1983లో ఏర్పడిన ఆ సంస్థ మన తెలుగుదేశములోనిదే. వినుటయందు అభ్యాసమున్నవాడే విపత్తున చెవియగును. చీమకుర్తి పడుచువారు చీకటిచాటున స్కానరు త్రిప్పుటకంటె, పండ్రెండేండ్లు నిండిన వారెవరైనను వ్రాయదగిన ఆ ఔత్సాహిక పరీక్ష వ్రాసి, లైసెన్సు గొని, తలయెత్తి మాటలాడుట మేలని మా సలహా. దానివలన విద్యుత్ సంస్థల తరంగములను వినుటకు హక్కు రాదన్నది కూడ వారు ఎఱిగియుండవలయును.

పంపిణీ సంస్థ అధికారులను మేమడుగునది పెద్ద వ్యయముతో కూడినది కాదు. ప్రతి సబ్‌స్టేషను గేటునకు ఒక నల్లబల్ల వ్రేలాడదీయుడు. పోయిన ఫీడరు పేరు, పోయిన వేళ, కారణము, వచ్చు వేళ అను నాలుగు గడులు గీచి, సుద్దముక్క నుంచుడు. అదే మాటను వార్డు సచివాలయమునకు, పంచాయతీ కార్యాలయమునకు, గుడి మైకునకు, మసీదు మైకునకు ఎస్.ఎం.ఎస్. చేయు మనిషి నొకనిని గాలివాన రాత్రులందైనను ఆపరేటరు ప్రక్కన కూర్చుండబెట్టుడు. వచ్చు వేళ తప్పినచో చెరిపి మఱల వ్రాయుడు. అంచనా తప్పినందుకు రైతు మిమ్ము తప్పుపట్టడు, వాన రాకను గూర్చి యతడు బ్రతుకంతయు తప్పుచునే యున్నాడు. ఈ బల్ల చీమకుర్తిలో మొదటి కారు మబ్బునకు ముందే వ్రేలాడవలయును. మిరపనారు పోయుకాలము దగ్గఱపడుచున్నది.